రెండు ముందు టైర్లూ కుడి అంచునే అరిగాయి: ఒక పాత కారు కేసు

తిరుపతిలో మా షెడ్డుకు వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కోసం వచ్చే పాత కార్లలో చాలావాటిది ఒకే ఫిర్యాదు. టైర్లు ఒకవైపే అరుగుతున్నాయి, అలైన్‌మెంట్ చేయించినా ఆగడం లేదు. ఎక్కువ సందర్భాల్లో కారణం బండి కింద చూడగానే తెలిసిపోతుంది. విరిగిన స్ప్రింగో, వదులైన టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) ఎండో, చిరిగిన బుషో (కీలులో ఉండే రబ్బరు) కనిపిస్తుంది. ఈ కేసులో అలాంటి కారణం ఒకటి దొరికింది కూడా. అయితే అక్కడితో ఆగి ఉంటే అసలు లోపం బండిలోనే ఉండిపోయేది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. యజమాని వివరాలు, కారు మోడల్, అంతకుముందు పని చేసిన షెడ్ల పేర్లు కావాలనే వదిలేశాను.

నేపథ్యం

బండి పద్నాలుగేళ్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఒకే నిలువు కాలుగా ఉండేది), వెనక రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్. టై రాడ్లను అటూ ఇటూ తోసే స్టీరింగ్ ర్యాక్ ముందు ఇరుసుకు వెనకగా, బాడీకే బిగించి ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. యజమాని ఉద్యోగి. వారంలో చాలా రోజులు తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లి వస్తారు. ఊళ్లోకి బంధువులు ఎవరు వచ్చినా కొండకు తీసుకెళ్లేది ఆయనే. తిరుమలకు పైకి వెళ్లే దారి వేరు, దిగే దారి వేరు. దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు, ప్రతి మలుపు ముందూ బ్రేకు. ముందు చక్రాల బుషుల మీద, టైర్ల అంచుల మీద అక్కడ పడే భారం మైదానం రోడ్డు మీద పడదు.

ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ. నాలుగు టైర్లూ ఒకేసారి కొత్తవి వేయించారు. సుమారు పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఎడమ ముందు టైరు లోపలి అంచు నున్నబడింది. మధ్యలో రెండు వేర్వేరు చోట్ల అలైన్‌మెంట్ చేయించారు. ఒకచోట టైర్ల కంపెనీదే తప్పన్నారు, ఇంకోచోట షాక్ అబ్జార్బర్లు మార్చమంటే మార్పించారు. ఫలితం లేదు.

“స్వామీ, కారు ఎటూ లాగడం లేదు. స్టీరింగ్ వదిలేసినా నేరుగానే పోతుంది. టైరు మాత్రం తినేస్తోంది” అన్నారు.

పాత ప్రింటౌట్లు రెండూ భద్రంగా తెచ్చారు. రెండింటిలోనూ కొలిచిన గళ్లన్నీ ఆకుపచ్చగానే, అంటే పరిధిలోనే ఉన్నాయి.

ముందు టైర్లను చదవడం

బండిని మిషన్ మీదికి ఎక్కించే ముందు టైర్లను చూడాలి. మిషన్ చెప్పేది ఆ క్షణంలో, నిలబడి ఉన్న బండి కోణాలు. టైరు చెప్పేది వేల కిలోమీటర్లలో, బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు, గుంతలో పడినప్పుడు జరిగినదంతా. రెండూ పొంతన లేకుండా ఉంటే నేను టైరు మాటే నమ్ముతాను.

ఆయన టైర్లను ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించలేదు. మామూలుగా అయితే అది నిర్లక్ష్యమే అంటాను. ఇక్కడ మాత్రం మేలు చేసింది. ఏ టైరు ఎక్కడ తిరిగిందో సందేహం లేదు కాబట్టి అరుగుదలను నేరుగా చదవగలిగాం. డెప్త్ గేజితో ప్రతి టైరుకూ లోపల, మధ్య, బయట మూడు చోట్ల కొలిచాం. ఎడమ ముందు టైరు లోపలి అంచున 2.1 మిల్లీమీటర్లు, మధ్యలో 4.8, బయట 5.2. మార్చక తప్పని హద్దు 1.6 మిల్లీమీటర్లు కాబట్టి లోపలి అంచు దాదాపు ఆ గుర్తు దగ్గరికి వచ్చేసింది. కుడి ముందు టైరు లోపల 5.0, మధ్యలో 4.9, బయట 3.9. వెనక రెండూ అన్ని చోట్లా దాదాపు సమానంగా, అయిదు మిల్లీమీటర్లకు పైగా ఉన్నాయి.

అందరూ చూసింది ఎడమ టైరునే, ఎందుకంటే అది కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కుడి టైరు బయటి అంచు కూడా మిల్లీమీటరుకు పైగా తగ్గిందని ఎవరూ పట్టించుకోలేదు. కేసులో మొదటి ఆధారం అదే. టో (పై నుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం) తప్పు వల్ల అరిగితే రెండు టైర్లూ ఒకే రకంగా అరగాలి. చక్రాల ముందు భాగాలు బయటికి తిరిగి ఉంటే రెండింటి లోపలి అంచులూ, లోపలికి తిరిగి ఉంటే రెండింటి బయటి అంచులూ పోతాయి. ఒక పక్క టై రాడ్‌ను మాత్రమే తప్పుగా తిప్పినా, బండి నడుస్తున్నప్పుడు చక్రాలు ఆ తేడాను చెరిసగం పంచుకుంటాయి. స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుందే గానీ ఒక్క టైరే బలి కాదు. ఇక్కడ ఎడమదానికి లోపలి అంచు, కుడిదానికి బయటి అంచు పోయాయి. బండి వెనక నిలబడి చూస్తే ఆ రెండూ కుడివైపు అంచులే. అంటే రెండు చక్రాలూ గాలికి ఒకే పక్కకు వాలిన చెరకు గడల్లా కుడికి వాలి తిరుగుతున్నాయి. అది టో పని కాదు, క్యాంబర్ పని, అంటే ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం పని.

అయితే ఒక చిక్కు ఉంది. రెండు చక్రాలూ సమానంగా వాలి ఉంటే అరుగుదల కూడా ఇంచుమించు సమానంగా ఉండాలి. ఎడమది మూడు మిల్లీమీటర్ల తేడాతో, కుడిది ఒక్క మిల్లీమీటరు తేడాతో ఎందుకు అరిగాయి? అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోనిచ్చి చూశాం. ఎడమ టైరు లోపలి పట్టీల మీద ఒక దిశలో చేయి నున్నగా జారింది, తిరుగు దిశలో రంపపు పళ్లలా గీసుకుంది. కుడి టైరు మీద ఆ గరుకు లేదు. పక్కకు రాపిడి జరిగితేనే ఆ పళ్లు వస్తాయి. ఎడమ చక్రానికి వాలుతో పాటు ఇంకేదో కూడా జరుగుతోందని, అది ఆ పక్కకే పరిమితమని దీన్నిబట్టి తేలింది. కాబట్టి ఒకటి కాదు, రెండు లోపాలు ఉండవచ్చన్న అనుమానంతో పని మొదలుపెట్టాం.

మొదటి కొలతలు

డిక్కీలో నీళ్ల క్యాన్లు, పాత పనిముట్ల పెట్టె ఉంటే దించేశాం. గాలి సరిచేశాం. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు మూలలా ఎత్తు కొలిచాం. ముందు రెండు పక్కలకూ తేడా అయిదు మిల్లీమీటర్ల లోపే ఉంది. స్ప్రింగు కుంగితే క్యాంబర్ మారుతుంది. ఇక్కడ అది కాదు. రిమ్ వంకర, వీల్ బేరింగ్ వదులు, బాల్ జాయింట్లు కూడా చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి.

మిషన్ మీద వెనక చక్రాల టో, బండి నడక దిశను చెప్పే థ్రస్ట్ కోణం పరిమితిలోనే ఉన్నాయి. అంటే వెనక భాగం తిన్నగా ఉంది, ముందు చక్రాలను దాన్ని ఆధారంగా తీసుకుని కొలవవచ్చు. ముందు మొత్తం టో దాదాపు సున్నా. క్యాంబర్ ఎడమకు మైనస్ 1°10' (ఒక డిగ్రీ పది నిమిషాలు; డిగ్రీకి అరవై నిమిషాలు), కుడికి ప్లస్ 0°15'. మైనస్ అంటే చక్రం పైభాగం లోపలికి, ప్లస్ అంటే బయటికి వాలి ఉండడం. ఈ మోడల్‌కు మిషన్‌లో ఉన్న విలువ మైనస్ 0°20', అటూ ఇటూ ఒక డిగ్రీ వరకు అనుమతి. రెండు అంకెలూ ఆ పరిధిలోకే వస్తాయి కాబట్టి రెండు గళ్లూ ఆకుపచ్చే.

చాలా షెడ్లలో పని ఇక్కడే ఆగిపోతుంది. ఒక్కో చక్రాన్ని విడిగా చూస్తే తప్పు లేదు. రెండింటి మధ్య తేడా మాత్రం 1°25'. రెండు పక్కల క్యాంబర్‌కు అర డిగ్రీకి మించి తేడా ఉంటే కారణం వెతకాల్సిందే. ఆకుపచ్చ గడి అంటే ఆ చక్రం అనుమతించిన పరిధిలో ఉందని మాత్రమే అర్థం. పక్క చక్రంతో పోల్చి చూడడం పని చేసేవాడి బాధ్యత. ‘ఈ మోడల్‌లో క్యాంబర్ సర్దుబాటు లేదు’ అన్న మాట కూడా తరచుగా వింటుంటాం. సర్దుబాటు స్క్రూ లేదు, నిజమే. కానీ సర్దుబాటే లేని కోణం మారిందంటే ఏదో వంగింది, అరిగింది, లేదా జరిగింది. అప్పుడు ఇంకా పట్టుదలగా వెతకాలి.

బుష్ మార్చాం, సరిపోలేదు

చక్రం అడుగు భాగాన్ని పట్టుకునే ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్ దగ్గర ప్రై బార్ పెట్టి కదిపితే ఆర్మ్ స్పష్టంగా ముందుకూ వెనక్కూ ఆడింది. రబ్బరు లోపలి గొట్టం చుట్టూ సగానికి పైగా చిరిగి ఉంది. ఘాట్ దిగేటప్పుడు పదేపదే బ్రేకు వేస్తే చక్రం వెనక్కి లాగబడుతుంది. బుష్ పట్టి ఉంచకపోతే ఆర్మ్ వెనక్కి జరిగి, ఆ చక్రం టో మారిపోతుంది. బ్రేకు వదలగానే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. మిషన్ మీద నిలబడి ఉన్న బండిలో ఈ కదలిక కనిపించదు. రంపపు పళ్లు ఎడమ టైరు మీదే ఎందుకు ఉన్నాయో దీంతో అర్థమైంది.

రెండు పక్కలా బుషులు మార్చాం. ఇక్కడ ఒక పద్ధతి తప్పక పాటించాలి. ఆర్మ్ బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే బండి దించగానే రబ్బరు మెలి తిరిగి, నిత్యం ఆ మెలికలోనే పనిచేసి, త్వరగా చిరిగిపోతుంది.

బుషులు మార్చాక ఎడమ క్యాంబర్ మైనస్ 1°05' అయింది. అయిదు నిమిషాల కోణం మాత్రమే తగ్గింది. రెండు పక్కల తేడా ఇంకా 1°20'. యజమాని బండి తీసుకెళ్లడానికి సిద్ధపడ్డారు. చిరిగిన బుష్‌ను చేత్తో పట్టుకుని చూశారు కదా, దోషి దొరికాడనే అనుకున్నారు. ఆ నమ్మకం సహజమే. నిజానికి అలా పంపినా ఎడమ టైరు అరుగుదల సగానికి తగ్గి, కొన్ని నెలలు అందరూ సంతోషంగానే ఉండేవారు. కానీ కుడి టైరు బయటి అంచుకు ఎడమ బుష్‌తో ఏ సంబంధమూ లేదు. కనిపించిన లక్షణాలన్నింటికీ జవాబు చెప్పలేని కారణాన్ని పూర్తి కారణంగా ఒప్పుకోకూడదు. ఆయన్ను ఇంకొక రోజు బండి ఉంచమని అడిగాం.

లాగని బండి ఎందుకు లాగడం లేదు

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆయన మొదటి మాట: “కారు ఎటూ లాగడం లేదు.” క్యాంబర్ తేడా ఉన్న బండి ఎక్కువ ప్లస్ ఉన్న పక్కకు లాగుతుంది. ఇక్కడ ప్లస్ కుడివైపు ఉంది. 1°20' తేడాతో బండి కుడికి లాగి తీరాలి.

మన రోడ్లు వాన నీరు పోవడానికి ఎడమ అంచు వైపు వాలుగా ఉంటాయి. మధ్యలో డివైడర్ ఉన్న హైవే మీద కూడా సాధారణంగా వాలు ఎడమకే. బాగున్న బండి ఆ వాలులో కొద్దిగా ఎడమకు జారుతుంది, చేతులు తెలియకుండానే సర్దుతుంటాయి. ఈ బండిలో క్యాంబర్ కుడికి లాగుతోంది, రోడ్డు ఎడమకు జారుస్తోంది. రెండూ సరిసమానమై ఆయన చేతికి ఏమీ తెలియడం లేదు. చిత్తూరు దారిలో రోజూ అదే అనుభవం కాబట్టి బండి భేషుగ్గా ఉందనుకున్నారు.

ఊరి బయట ఇళ్లు ఇంకా లేని లేఅవుట్‌లో పొడవాటి ఖాళీ రోడ్డు చూసుకుని, దాని నడిమధ్య వాలు లేని చోట నెమ్మదిగా నడిపి చూశాం. స్టీరింగ్ మీద చేతులు వదులు చేయగానే బండి కుడికి పోయింది. తిరుగు దారిలోనూ కుడికే. దిశ మారినా ఒకే పక్కకు లాగిందంటే అది రోడ్డు పని కాదు, బండిదే. టైర్ల లోపంతో కూడా ఇలా లాగవచ్చు కాబట్టి ముందు రెండు టైర్లను ఒకదాని చోట ఇంకొకటి వేసి మళ్లీ నడిపాం. అయినా కుడికే. దాంతో టైర్లు నిర్దోషులని తేలింది.

అసలు కోణం

ఇప్పుడు అనుమానితులు మూడు. ఎడమ స్ట్రట్ లేదా నకిల్ (స్ట్రట్‌కు బిగించి, చక్రాన్ని మోసే భాగం) వంగి ఉండాలి. స్ట్రట్ పైభాగాన్ని పట్టుకునే బాడీ టవర్ జరిగి ఉండాలి. లేదా లోయర్ ఆర్మ్‌లు బిగించి ఉండే సబ్‌ఫ్రేమ్ అనే కింది చట్రం జరిగి ఉండాలి. క్యాంబర్ ఒక్కదాన్నే చూస్తే ఈ మూడింటినీ విడదీయలేం. విడదీసేది స్టీరింగ్ యాక్సిస్ వాలు. పైన స్ట్రట్ మౌంటు నుంచి కింద లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింట్ వరకు ఒక గీత ఊహించుకుంటే, అది లోపలికి ఎంత వాలిందో చెప్పే కోణం అది. దాన్ని కొలవాలంటే చక్రాలను టర్న్ ప్లేట్ల (తిరిగే పళ్లేల) మీద ఉంచి, బ్రేకు పట్టి, స్టీరింగ్‌ను చెప్పినంత కోణం అటూ ఇటూ తిప్పాలి. కాసేపు అదనంగా పడుతుంది. రద్దీ ఎక్కువగా ఉన్న చోట దీన్ని వదిలేస్తారు. ఆయన తెచ్చిన రెండు ప్రింటౌట్లలోనూ ఆ గళ్లు ఖాళీగా ఉన్నాయి.

ఎడమ పక్క వాలు 13°40', కుడి పక్క 12°20'. వీటికి క్యాంబర్‌ను కలిపి చూడాలి. ఎడమ: 13°40' నుంచి 1°05' తీసేస్తే 12°35'. కుడి: 12°20' కు 0°15' కలిపితే 12°35'. రెండు పక్కలా మొత్తం ఒక్కటే!

ఈ మొత్తం కోణం స్ట్రట్, నకిల్ కలిసిన ఆకారానికి గుర్తు. వాటిలో ఏది వంగినా ఆ పక్క మొత్తం మారిపోతుంది. రెండు పక్కలా సమానంగా ఉన్నాయంటే విడిభాగాలేవీ వంగలేదు. వాటిని పట్టుకున్న చోటు జరిగింది. ఎడమ చక్రం అడుగు భాగం బయటికి, కుడి చక్రం అడుగు భాగం లోపలికి, అంటే రెండూ ఎడమకు, ఒకే కొలతలో జరిగాయి. రెండు టవర్లూ కలిసి కుడికి జరిగినా ఇలాగే కనిపించవచ్చు గానీ, దానికి బండి ఘోరమైన ప్రమాదంలో పడి ఉండాలి. బానెట్ కింద టవర్ల మధ్య, టవర్ల నుంచి ఫైర్‌వాల్ వరకు టేపుతో అడ్డంగా, మూలగా కొలిచాం. తేడా లేదు. మిగిలింది సబ్‌ఫ్రేమ్. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే ఆ ఊహా గీత ముందుకో వెనక్కో వాలిన కోణం) రెండు పక్కలా దాదాపు సమానంగా ఉంది కాబట్టి అది మూలగా తిరగలేదు, అడ్డంగా మాత్రమే జరిగింది.

ఎంత జరిగి ఉండాలో కూడా ముందే లెక్క వేశాం. సరైన స్థితి నుంచి ఒక్కో పక్క తేడా 1°20'లో సగం, అంటే 0°40'. స్ట్రట్ మౌంటు నుంచి బాల్ జాయింట్ వరకు దూరం సుమారు 560 మిల్లీమీటర్లు. ఆ పొడవుకు 0°40' అంటే దాదాపు ఆరున్నర మిల్లీమీటర్లు. ఇలా ముందే అంకె వేసుకుంటే, కింద చూసేటప్పుడు మన ఊహ నిజమో కాదో వెంటనే తెలుస్తుంది.

బండిని లిఫ్ట్ మీద ఎత్తి సబ్‌ఫ్రేమ్ బోల్టుల దగ్గర మట్టిని వైరు బ్రష్‌తో గీకాం. ప్రతి వాషర్‌కూ ఎడమ అంచు పక్కన నెలవంక ఆకారంలో ఒక మరక కనిపించింది. అక్కడ లోహం తుప్పు లేకుండా, పెయింటు నొక్కుకుపోయి ఉంది. సంవత్సరాల తరబడి వాషర్ కూర్చున్న పాత చోటు అది. చట్రం ఎడమకు జరిగినప్పుడు ఆ మరక కూడా దానితో పాటు జరిగి వాషర్ కింద నుంచి బయటికి వచ్చింది. నెలవంక మందం ఇంచుమించు ఆరు మిల్లీమీటర్లు. నాలుగు బోల్టుల దగ్గరా ఒకే పక్క, ఒకే మందం.

టై రాడ్లూ అదే మాట చెప్పాయి. ఎడమ టై రాడ్ లాక్ నట్టు బయట కనిపించే మరలు కుడిదానికంటే స్పష్టంగా ఎక్కువ. ర్యాక్ బాడీకి బిగించి ఉంది, అది కదలలేదు. చక్రాల అడుగు భాగాలు మాత్రం ఎడమకు పోయాయి. దాంతో ఎడమ చక్రం బయటికి, కుడి చక్రం లోపలికి తిరిగి, స్టీరింగ్ వంకరగా నిలిచి ఉంటుంది. అలైన్‌మెంట్ చేసినవారు ఎడమ రాడ్‌ను పొడవు చేసి, కుడి రాడ్‌ను తగ్గించి స్టీరింగ్‌ను నిటారుగా తెచ్చారు. అంకెలు ఆకుపచ్చబడ్డాయి. లోపం కనబడకుండా పోయింది.

అప్పుడు ఫోను చేసి అడిగాం: “సార్, గేరుబాక్సు గానీ క్లచ్ గానీ ఎప్పుడైనా దించారా?” టైర్లు మార్చడానికి కొన్నాళ్ల ముందు క్లచ్ ప్లేటు మార్పించారట. టైర్ల గురించి అడిగినప్పుడు క్లచ్ సంగతి ఎందుకు చెబుతారు? ఆయన తప్పేమీ లేదు. ఈ మోడల్‌లో క్లచ్ పనికి సబ్‌ఫ్రేమ్ దించాలి. బోల్టు రంధ్రాలు బోల్టు కంటే కాస్త పెద్దవి. దించే ముందు పెయింటుతో గుర్తు పెట్టుకుని, ఎక్కించేటప్పుడు గైడ్ రంధ్రాల్లో పిన్నులు దూర్చి సరిచూసుకోకపోతే చట్రం ఎటో ఒక పక్కకు ఆనుకుని బిగుసుకుంటుంది. ఎడమ బుష్ అంత త్వరగా చిరగడానికి కూడా ఆ రోజు చక్రాలు వేలాడుతుండగా ఆర్మ్ బోల్టు బిగించడమే కారణమై ఉండే అవకాశం ఎక్కువ.

వద్దనుకున్న దారి

తక్కువ ఖర్చుతో ఇంకో మార్గం ఉంది. స్ట్రట్, నకిల్ కలిసే చోట మామూలు బోల్టు తీసి, మధ్య భాగం వంకరగా ఉండే క్యాంబర్ బోల్టు వేస్తే ఎడమ క్యాంబర్ సరైన అంకెకు వచ్చేస్తుంది. కొన్ని చోట్ల బోల్టు రంధ్రాన్నే ఆకురాయితో సాగదీస్తారు. యజమాని కూడా అదే చేయమని అడిగారు. సబ్‌ఫ్రేమ్ అనగానే పెద్ద ఖర్చని భయపడ్డారు.

దాన్ని వద్దనడానికి కారణం ఉంది. క్యాంబర్ బోల్టు చక్రాన్ని నిలబెడుతుంది గానీ స్టీరింగ్ యాక్సిస్ వాలును మార్చదు. అది ఎడమకు 13°40', కుడికి 12°20' గానే ఉండిపోతుంది. ఆ గీత నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం రెండు పక్కలా వేరవుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ తేడా స్టీరింగ్‌ను ఒక పక్కకు గుంజుతుంది. కొండ దిగే బండికి అది మంచిది కాదు. పొడవు తేడా ఉన్న టై రాడ్లు కూడా అలాగే మిగిలి, గుంతల్లో రెండు చక్రాల టో రెండు రకాలుగా మారుతూ ఉంటుంది. అంకె సరిచేయడం వేరు, బండిని సరిచేయడం వేరు. సబ్‌ఫ్రేమ్‌ను దించనక్కర్లేదు, వదులు చేసి జరిపితే చాలని వివరించాక ఆయన ఒప్పుకున్నారు.

చేసిన పని

బోల్టులకు ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాం. వాటి నట్టులు బాడీ లోపల వెల్డ్ చేసి ఉంటాయి. తొందరపడి పానాకు బలం ఇస్తే నట్టు లోపలే తెగి తిరుగుతుంది, అప్పుడు బాడీ కోయాల్సి వస్తుంది. తెల్లవారి ట్రాన్స్‌మిషన్ జాకీతో చట్రానికి కింద నుంచి ఊతమిచ్చి, బోల్టులను ఒక్కొక్కటిగా కొన్ని మరలు మాత్రమే వదిలాం. పాత స్థానాన్ని తెల్ల పెయింటుతో గుర్తించాం. ప్రై బార్‌తో కుడికి తోస్తుంటే నెలవంక మెల్లగా వాషర్ కిందకు వెళ్లిపోయింది. గైడ్ రంధ్రాల్లో పిన్ను సాఫీగా దిగింది. పాత బోల్టుల స్థానంలో ఒక్కొక్కటిగా కొత్తవి వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచితో బిగించాం. లోయర్ ఆర్మ్ బోల్టులను వదులు చేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక తిరిగి బిగించాం.

మళ్లీ కొలిస్తే రెండు పక్కలా క్యాంబర్ మైనస్ 0°25', యాక్సిస్ వాలు 13°00'. మొత్తం మళ్లీ 12°35'. అనుకున్నట్టే టో మాత్రం చెడింది, స్టీరింగ్ వంకరగా నిలిచింది. టై రాడ్లను రెండు పక్కలా సమాన పొడవుకు తెచ్చి, ర్యాక్‌ను మధ్యలో నిలిపి, టో సరిచేశాం. ఇప్పుడు రెండు లాక్ నట్టుల బయట మరలు సమానంగా కనిపిస్తున్నాయి.

టైర్ల విషయంలో కాస్త ఆలోచించాం. ఎడమ ముందు టైరుతో కొండకు పంపడం ప్రమాదం. రెండు కొత్త టైర్లు తెప్పించి వెనక వేశాం. తడి రోడ్డు మీద వెనక భాగం జారకుండా ఉండాలంటే మంచి టైర్లు వెనక ఉండాలి. సమానంగా అరిగిన పాత వెనక టైర్లను ముందుకు తెచ్చాం. దీనితో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. అన్ని చోట్లా ఒకే లోతున్న టైర్లు కాబట్టి ఇకమీదట ఏ అంచు అరిగినా అది కొత్తగా జరిగినదే అవుతుంది. అందుకే అయిదు వేల కిలోమీటర్ల వరకు టైర్లను అటూ ఇటూ మార్చవద్దని గట్టిగా చెప్పాం. అరిగిన వాటిలో కుడిదాన్ని స్టెప్నీగా ఉంచి, ఎడమదాన్ని తీసేశాం.

తర్వాత

కొద్ది రోజులకే ఫోను వచ్చింది. “స్వామీ, ఇదివరకు నేరుగా పోయేది, ఇప్పుడు చిత్తూరు రోడ్డులో కొంచెం ఎడమకు పోతోంది.” ఈ ఫోను వస్తుందని ముందే అనుకున్నాం. ఆ మాట నమ్మి మళ్లీ క్యాంబర్‌ను కుడికి లాగేలా మారిస్తే పాత కథ తిరిగి మొదలవుతుంది. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే లేఅవుట్ రోడ్డు మధ్యలో నడిపి చూపించాం. చేతులు వదిలినా బండి గీత గీసినట్టు పోయింది. ఎడమ అంచుకు తీసుకెళ్లగానే కొద్దిగా ఎడమకు జారింది. ఆయనకు సంగతి అర్థమైంది.

అయిదు వేల కిలోమీటర్లు దాటాక వచ్చారు. ముందు రెండు టైర్లలో లోపలి, బయటి అంచుల తేడా 0.2 మిల్లీమీటర్లకు మించలేదు. అరచేతికి గరుకు తగల్లేదు. బోల్టుల దగ్గర తెల్ల పెయింటు గుర్తులు పెట్టిన చోటే ఉన్నాయి. 

ఈ కేసు తర్వాత మా రసీదు పుస్తకంలో రెండు మార్పులు చేశాం. బండి రాగానే రాసుకునే వివరాల్లో టైర్లు ఎప్పుడు మార్చారన్న ప్రశ్న కిందనే క్లచ్, గేరుబాక్సు, స్టీరింగ్ ర్యాక్ పనులు ఎప్పుడు జరిగాయన్న ప్రశ్న చేర్చాం. రెండు పక్కల క్యాంబర్ తేడా అర డిగ్రీ దాటిన ఏ బండికైనా యాక్సిస్ వాలు కొలిచి, ఆ అంకెలు ప్రింటౌట్ మీద ఉంటేనే బిల్లు రాస్తున్నాం. పాత కారు ఉన్నవారు కూడా అలైన్‌మెంట్ చేయించినప్పుడు ఆ గళ్లు ఖాళీగా ఉంటే కొలిచి ఇమ్మని అడగండి. పనికి ముందు తీసిన ప్రింటౌట్, తర్వాత తీసినది రెండూ తీసుకుని దాచుకోండి. ఈయన పాత కాగితాలు దాచబట్టే క్యాంబర్ తేడా మొదటి అలైన్‌మెంట్ నాటికే ఉందని, ఆ తర్వాత వేసిన షాక్ అబ్జార్బర్లకు దానితో సంబంధం లేదని మేం తేల్చగలిగాం.